క్రాక్‌రిగ్ హాలులో వెచ్చదనం చోరీ

"ఈ గదిలో ఉన్న ముగ్గురిలో ఒకరు దొంగ. ఆ ఒకరెవరో నా మెదడుకి ఇప్పటికే తెలుసు. నోటికి ఇంకా చెప్పలేదు, అంతే."

ఎవరార్డ్ పింబుల్ ఈ మాట అని, ఎప్పుడో ఆరిపోయిన పైపుని పళ్ల మధ్య బిగించి, వంటింటి నాలుగు మూలలూ డేగలా చూశాడు. ఆ ముగ్గురూ ఎవరంటే వంటమనిషి హెట్టీ, బ్రిగేడియర్ అనే ముసలి కుక్క, గోడంత ఇనప పొయ్యి. తనని లెక్కలో వేసుకోలేదు. దొంగల లెక్క తీసేటప్పుడు పెద్దిళ్లవాళ్లు తమని ఎప్పుడూ వేసుకోరు.

హెట్టీ బంగాళాదుంపల చెక్కు తీస్తోంది. చెయ్యి ఆపలేదు.

"ముందు కుక్కని విచారించండి బాబుగారూ. ఇంకాసేపయితే అది నిద్రపోతుంది."

"నవ్వు హెట్టీ, నవ్వు. ఘోర నేరస్తులంతా మొదటి అధ్యాయంలో నవ్వినవాళ్లే."

ఎవరార్డు ఇంటి యజమానురాలు మిసెస్ డాల్‌స్టన్‌కి తమ్ముడు. ముప్పై ఏళ్లు ఒక క్రికెట్ క్లబ్బుకి గౌరవ కార్యదర్శిగా ఉన్నాడు. జీతం లేని పని కాబట్టి చేయకపోయినా అడిగినవాడు లేడు. అప్పుడు చదివిన డిటెక్టివ్ నవలలే ఆయన చదువు. ఒకసారి క్లబ్బులో పోయిన గొడుగుని తనే పట్టుకున్నాడు. అది ఆయన చేతికే వేలాడుతోంది. ఆ రోజునుంచీ తన చూపుకి తిరుగులేదని నమ్మకం.

ఇప్పుడు అక్కగారు కబురు పెడితే రైలెక్కి వచ్చాడు. ఆవిడ ఇంట్లో వెచ్చదనం చోరీ అవుతోంది.

ఇల్లు సంగతి చెప్పాలి. ఉత్తర ఇంగ్లండులో, గొర్రెలు కూడా వంచిన తల ఎత్తని బీడుకొండ మీద, క్రాక్‌రిగ్ హాలు మూడు వందల ఏళ్లుగా గాలికి ఎదురు నిలబడి ఉంది. ఒక్క కిటికీ సరిగ్గా పడదు. ఒక్క తలుపు గడపని అంటదు. గాలేస్తే భోజనాలగదిలో తివాచీ లేచి మనిషిలా నడుస్తుంది. కప్పు బాగు చేయించరు, సందులు పూడ్పించరు. ఎందుకంటే చలి ఆ వంశానికి పరువు. వెచ్చగా ఉండాలని కోరుకోవడం దుకాణాలవాళ్ల బుద్ధి అని వాళ్ల లెక్క. ఆ పరువు నిలబెట్టేది మాత్రం కింద వంటింట్లో ఒక పొయ్యి, దాని ముందు ఒక ఆడమనిషి.

ఆ పొయ్యికి పగలూ రాత్రీ లేదు. కోక్ బొగ్గు మింగుతూనే ఉంటుంది. రొట్టె కాల్చేది అదే, స్నానాలకి నీళ్లు కాచేది అదే, పెద్దవాళ్ల మేజోళ్లు ఆరేది దాని మీదే. మార్చి నెలలో తల్లి వదిలేసిన గొర్రెపిల్లలు కింది అరలో పడుకుని ప్రాణం తెచ్చుకునేదీ అందులోనే. దాన్ని హెట్టీ పదహారో ఏట నుంచి మేపుతోంది. వంటింటి వెనక గదిలో నిద్ర, పొయ్యి ముందు మెలకువ. తనదంటూ ఇంకో ఇల్లు లేదు.

శరదృతువులో యజమానురాలి భర్త కల్నల్ డాల్‌స్టన్ పోయారు. అప్పటినుంచి ఇంట్లో ఏదో తేడా చేసింది. హెట్టీ రెట్టింపు కోక్ పోస్తోంది, ఇల్లు రెట్టింపు చల్లబడుతోంది. బల్ల మీది వెన్నని కోయడానికి రొట్టె కత్తి కావాలి. మిసెస్ డాల్‌స్టన్ గొర్రెతోలు కోటు వేసుకుని ఉత్తరాలు రాస్తోంది. ఆవిడ ఆలోచించింది. పెద్దింటివాళ్ల ఆలోచన ఎప్పుడూ కిందికే జారుతుంది కాబట్టి నేరుగా వంటింట్లోకి జారింది. బొగ్గు వస్తోంది, వేడి రావడం లేదు. అంటే బొగ్గు పొయ్యిలోకి పోవడం లేదు. మరి ఎటు పోతోంది? బొగ్గు బండి తోలే జేబెజ్ స్వయానా హెట్టీ చెల్లెలి మొగుడు.

ఆవిడ హెట్టీని పిలిచి నిలబెట్టి చెప్పింది. "ఆదివారం చర్చి అయ్యాక కానిస్టేబుల్ వస్తాడు. ఈలోపు మా తమ్ముడు నిజం తేలుస్తాడు. నీ సామాను కట్టి పెట్టుకుంటే అందరికీ మంచిది."

"నిజం తేలకముందే సామాను కట్టమంటారా అమ్మగారూ?"

"నేను మర్యాదగా చెబుతున్నాను, హెట్టీ."

దొంగ అని పేరు పడ్డ ముసలి వంటమనిషికి ఆ కొండ చుట్టుపక్కల కంచం కడిగే పని కూడా దొరకదు. జేబెజ్ బండి కూడా పోతుంది. చెల్లెలి పిల్లలు నలుగురు. హెట్టీ ఇదంతా ఒక్క చూపులో లెక్క వేసుకుని, మర్యాదగా కిందికి వచ్చి, మర్యాదగా గిన్నె ఒకటి గోడకేసి కొట్టింది.

*

పరిశోధన మొదలైంది. ఎవరార్డు భూతద్దం పెట్టి బొగ్గు గదిలో పాకాడు. లేచేసరికి ముఖం నల్లబడింది. అద్దంలో చూసుకుని, "ఇక్కడ ఎవడో నల్ల ముఖంవాడు తిరిగాడు" అని అక్కగారికి నివేదించాడు.

తర్వాత ఊళ్లో జేబెజ్ ఇంటికి వెళ్లాడు. తిరిగొచ్చి, హెట్టీ వినేలా, మెట్ల దగ్గర గొంతు తగ్గించి అరిచాడు.

"అక్కయ్యా, గుండె దిటవు చేసుకో. ఆ ఇంట్లో నేను కోటు విప్పాల్సి వచ్చింది."

"ఏమిటీ?"

"విప్పాను. జనవరిలో. ఒక బండివాడి ఇంట్లో. నుదుటి మీద చెమట. ఇదిగో రుమాలు, సాక్ష్యంగా దాచాను."

మిసెస్ డాల్‌స్టన్ మెట్ల కమ్మీ పట్టుకుంది. పేదవాడి కొంపలో వెచ్చగా ఉందంటే ఆవిడకి ఇంక సాక్షులక్కర్లేదు. ఆకలేస్తే తిన్నాడని, చలేస్తే కాచుకున్నాడని, పనివాణ్ని ఈ దేశంలో ఎన్నిసార్లు దొంగని చేశారో, ఆవిడ ముఖం చూస్తే చాలు, తెలిసిపోతుంది.

మర్నాడు జేబెజ్ బొగ్గు దింపడానికి వచ్చాడు. హెట్టీ పెరట్లోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"నిజం చెప్పు. తడి బొగ్గు తెచ్చి పోస్తున్నావా?"

"వదినా, నువ్వు కూడానా?"

"నేను కూడానే. పొయ్యి ఎర్రగా ఉంది, మేడ మీద నీళ్లు గడ్డకడుతున్నాయి. మధ్యలో వేడి ఎక్కడికి పోతోంది? నీ బొగ్గులో పస లేదు."

"పస లేకపోతే పొయ్యి ఎర్రగా ఎట్లా ఉంటుంది?" జేబెజ్ బస్తా దింపి నడుం పట్టుకున్నాడు. "మా ఇంటికొచ్చాడు మీ బాబు. రెండు గదులు, ఆరుగురం, ఒక మేక. అరగంట కూర్చుని ఇంత వేడి ఎక్కడిదని అడిగాడు. 'మేం ఊపిరి తీసుకుంటాం సారూ, అందుకే' అన్నాను. అదీ రాసుకున్నాడు."

"నవ్వకు. ఆదివారం నన్ను గెంటేస్తారు."

జేబెజ్ నవ్వడం ఆపాడు. "మా ఇంటికొచ్చెయ్. మేకని బయట కడతాను."

"దొంగనన్న పేరుతో నీ కొంపకి రాను. కడుక్కునే వస్తాను, వస్తే."

"దేనితో కడుక్కుంటావు? అది వాళ్ల చేతిలో ఉంది కదా, నీ పేరు."

అది నిజం. హెట్టీకి కోపం వచ్చింది, నిజం మీద.

*

శనివారం పొద్దున్నే ఎవరార్డు చేతిలో ఎర్ర మైనం కడ్డీ, దారపుండతో వంటింట్లోకి దిగాడు. వెనక అక్కగారు.

"నేరస్తుడి మీద వల పన్నే ఘడియ వచ్చింది," అన్నాడు. "హెట్టీ, పక్కకి తప్పుకో. ఈ పొయ్యిని అరెస్టు చేస్తున్నాను."

పొయ్యి మూతలకీ, తలుపులకీ, బూడిద గూడుకీ దారం చుట్టాడు. ముడి ముడికీ మైనం కరిగించి పోసి, ఉంగరంతో వంశ ముద్ర కొట్టాడు. వేడికి మైనం సగం కారిపోయింది. మళ్లీ పోశాడు. బ్రిగేడియర్ ఒక ముద్ద నాకి నాలుక కాల్చుకుంది.

"రేపటిదాకా దీన్ని ఎవరూ ముట్టకూడదు. బొగ్గు దొంగ అలవాటుకొద్దీ చెయ్యి పెడతాడు. ముద్ర పగులుతుంది. దొరుకుతాడు."

"బాబుగారూ," అంది హెట్టీ, "మేత వేయకపోతే అది సాయంత్రానికల్లా ఆరిపోతుంది."

"దొంగ సరిగ్గా ఇదే మాట అంటాడు."

"దొంగేమిటి, బుద్ధున్నవాళ్లెవరైనా అంటారు."

"ఇల్లు ఎలాగూ చల్లగానే ఉంది కదా హెట్టీ," అంది మిసెస్ డాల్‌స్టన్. "ఆరితే మాత్రం కొత్తగా వచ్చే నష్టమేమిటి?"

"ఇప్పుడున్నది చలే అమ్మగారూ. అది ఆరాక ఉండేదానికి నా దగ్గర పేరు లేదు."

హెట్టీ చేతులు కట్టుకుని కుర్చీలో కూర్చుంది. ఇంతకాలంలో పొద్దుటిపూట ఆవిడ ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. మేత వేసే వేళకి చేతులు వాటంతటవే లేచాయి. ఒడిలోకి లాక్కుంది.

ఎవరార్డు మాటు వేయడానికి మేడమీద దుప్పట్ల గదిని ఎంచుకున్నాడు. అది సరిగ్గా పొయ్యికి పైన ఉంటుంది. పొయ్యినుంచి వెళ్లే వేడినీళ్ల గొట్టాలు అందులోంచే పోతాయి. దుప్పట్లు, తువాళ్లు అక్కడే ఆరతాయి. ఇల్లంతటిలోకీ వెచ్చటి చోటు అదే కాబట్టి అక్కడ కూర్చుంటానని ఆయన అనలేదు. "వ్యూహాత్మక స్థానం" అన్నాడు. దాని అవతలి గోడ పాత చెక్కపలకలది. ఆ గోడ అవతల కల్నల్ పోయిన పడగ్గది.

"ఆ గదిని సోదా చేయాల్సింది అక్కయ్యా," అన్నాడు.

"అందులో ఎవరూ అడుగు పెట్టరు." ఆవిడ స్వెటర్ జేబు మీద చెయ్యి వేసుకుంది. తాళంచెవి అక్కడ ఉంటుంది. శవాన్ని తీసుకెళ్లిన రోజే ఆవిడ తాళం వేసింది. "అక్కడ దొంగిలించడానికి ఏమీ లేదు."

ఎవరార్డు తల ఊపి, బిస్కెట్ల డబ్బా చంకలో పెట్టుకుని దుప్పట్ల గదిలోకి దూరాడు. కుక్కకి బిస్కెట్ల వాసన తెలుసు. వెనకే దూరింది. మిసెస్ డాల్‌స్టన్ తలుపు చేరవేసింది.

మధ్యాహ్నానికి పొయ్యి ఎరుపు దిగింది. సాయంత్రం టీ వేళకి బూడిదరంగు తేలింది. హెట్టీ చూస్తూనే ఉంది. తన చేతిలో ఎన్నడూ ఆరని నిప్పు తన కళ్లముందే, తన వంటింట్లోనే పోయింది. ఇనుము చల్లబడుతూ టక్కు టక్కు మంది. నీళ్ల గొట్టాలు మూలిగాయి. మేజోళ్లు తాడు మీద అట్టలయ్యాయి.

మేడమీద ఎవరార్డుకి కాళ్లు తిమ్మిరెక్కాయి. ఒక దుప్పటి కప్పుకున్నాడు. రెండోది. నాలుగు దుప్పట్లు, తల మీద తువాలు. కుక్క కూడా వణికి ఆయన ఒళ్లోకి ఎక్కింది. అది చిన్న కుక్క కాదు. ఆయన వెనక్కి జరిగాడు. అది ఇంకా ఎక్కింది. ఆయన ఇంకా జరిగి చెక్క గోడకి వీపు ఆనించాడు. బిస్కెట్ల డబ్బా కిందపడి దొర్లింది. బ్రిగేడియర్ దాని మీదికి దూకింది.

మూడు వందల ఏళ్ల పాత పలకలు. వాటికి పురుగు పట్టి ఎన్నాళ్లయిందో. గోడ, పింబుల్, నాలుగు దుప్పట్లు, కుక్క, డబ్బా, అన్నీ కలిసి అవతలి గదిలోకి వెళ్లిపోయాయి.

కింద హెట్టీకి ఇల్లు కూలినట్టు వినిపించింది. ఆ వెంటనే ఒక కేక.

"దొరికాడు. వాణ్ని పట్టుకున్నాను. తెల్లగా ఉన్నాడు. చాలా చల్లగా ఉన్నాడు."

*

మిసెస్ డాల్‌స్టన్ మెట్ల మీద పరుగెత్తడం హెట్టీ అంతకుముందు చూడలేదు. పెరట్లో ఖాళీ బస్తాలు ఏరుకుంటున్న జేబెజ్ కూడా బూట్లతోనే మేడ ఎక్కేశాడు. లోపలినుంచి కుక్క మొరుగుతోంది. ఆవిడ తాళంచెవి రెండుసార్లు జారవిడిచి, మూడోసారి తిప్పింది.

తలుపు తెరుచుకోలేదు. లోపల ఏదో అడ్డం ఉంది. జేబెజ్ భుజం వేసి తోశాడు.

మంచు.

గదినిండా మంచు. మంచం మీద పరుపు ఎత్తున. కల్నల్ చెప్పుల్లో నిండి గట్టిపడి, కాళ్లున్నట్టే ఉంది. బీరువా మీద కాకులు గూడు కట్టుకుని, కల్నల్ వేటటోపీని పరుపు చేసుకున్నాయి. ఉత్తరంవైపు పెద్ద కిటికీ, కింది పలక పైదాకా ఎత్తి, నోరు తెరుచుకుని ఉంది. ఐవీ తీగలు దట్టంగా అల్లుకున్న ఆ వైపుకి మనుషులు పోరు. అందుకే ఎవరి కంటా పడలేదు. పొయ్యి వేడి దుప్పట్ల గదిలోకి ఎక్కి, పలకల సందుల్లోంచి ఇక్కడికి దూరి, దర్జాగా కిటికీలోంచి బీడుమీదికి పోయింది. చలికాలమంతా హెట్టీ కాచింది కొండని.

మంచం మీద తెల్లటి కుప్ప కదిలింది. తువాలు చుట్టుకున్న తల బయటికి వచ్చింది.

"నేను మొదటినుంచీ అనుమానించినట్టే," అన్నాడు ఎవరార్డు. నోట్లో బిస్కెట్ ముక్క. "కిటికీ."

"కిందికి దిగండి సారూ," అన్నాడు జేబెజ్. "మీరు అరెస్టు చేసింది దిండు."

మిసెస్ డాల్‌స్టన్ కిటికీనే చూస్తోంది.

"నేనే తీశాను," అంది. "ఆయన పోయిన క్షణంలో. ఆత్మ బయటికి వెళ్లాలని తీస్తారు కదా. మా అమ్మ తీసింది, వాళ్లమ్మ తీసింది."

ఆ కొండమీద అందరూ తీస్తారు. హెట్టీ తన తల్లి పోయినప్పుడు తీసింది. కాసేపటికి లేచి తనే మూసింది. చలేసింది కాబట్టి.

"మరి మళ్లీ మూయలేదా అమ్మగారూ?"

ఆవిడ తిరిగి చూసింది. వెటకారం కాదు, నిజంగా అర్థం కాలేదు ఆవిడకి. పుట్టినప్పటినుంచీ ఎన్ని కిటికీలు తీసిందో. ఒక్కటీ మూయలేదు. అవి వాటంతటవే మూసుకునేవి. అంటే, ఆవిడ గదిలోంచి వెళ్లాక ఎవరో వచ్చి మూసేవాళ్లు.

"నువ్వు మూస్తావనుకున్నాను హెట్టీ. అది నీ పని కదా."

"తాళం మీ జేబులో ఉందమ్మగారూ."

బీరువా మీంచి జవాబు కాకి ఒకటి చెప్పింది.

"కేసు అద్భుతంగా తేలింది," ఎవరార్డు మంచు దులుపుకుంటూ లేచాడు. "నేరం చేసినవాడు కీర్తిశేషుడు. సహకరించింది గాలి. ఇంట్లోవాళ్లు నిర్దోషులు."

"మేమో?" అన్నాడు జేబెజ్.

"ఆఁ, మీరు కూడా. మా తర్వాత."

"హెట్టీ, ఆ కిటికీ మూసెయ్," అంది మిసెస్ డాల్‌స్టన్.

హెట్టీ చేతులు ఏప్రన్ కింద పెట్టుకుంది. "తీసినవాళ్లు మూయండి."

ఆ ఇంట్లో అలాంటి మాట ఎవరూ అని ఉండరు. మిసెస్ డాల్‌స్టన్ మంచులో అడుగులేసి, కిటికీ పట్టుకుని లాగింది. బిగుసుకుపోయింది. ఆవిడ దాన్ని పట్టుకుని వేలాడింది. మూయడం ఎలాగో ఆవిడకి తెలియదు. చివరికి అది దడాల్న పడింది, వేలు నలిగింది. ఆవిడ అద్దంలోంచి కాసేపు బయటికి చూసింది. ఆయన వెళ్లిన దారి అనుకుందో ఏమో. హెట్టీకి ఆ కాసేపూ జాలేసింది. తర్వాత కట్టమన్న సామాను గుర్తొచ్చింది.

*

వంటింట్లో అందరి నోళ్లలోంచీ పొగలు. పొయ్యి శవంలా ఉంది, ఒంటినిండా ఎర్రముద్రలు.

"ముందు టీ," అన్నాడు ఎవరార్డు పళ్లు కొట్టుకుంటూ. "హెట్టీ, తొందరగా వెలిగించు."

హెట్టీ తన కుర్చీలో కూర్చుంది. "నేను బొగ్గు ముట్టను. ముడితే దొంగనవుతాను."

"అది అయిపోయింది కదా," అంది మిసెస్ డాల్‌స్టన్.

"మీరు నన్ను దొంగ అన్నప్పుడు నోటితో అన్నారు. కాదన్నమాట కూడా నోటితోనే అనండి. జేబెజ్ ఉన్నాడు, వింటాడు."

మిసెస్ డాల్‌స్టన్ పొయ్యివైపు తిరిగి, "హెట్టీ దొంగ కాదు. జేబెజ్ కూడా," అంది.

"నా చెవులు ఇటున్నాయి అమ్మగారూ."

ఆవిడ తిరిగింది. నలిగిన వేలు పట్టుకుని, హెట్టీ ముఖంలోకి చూసి, మళ్లీ అంది. ఈసారి "తప్పు నాది" అనే రెండు ముక్కలు కూడా, నోట్లో రాళ్లున్నట్టు, బయటపడ్డాయి.

"చర్చి దగ్గర కూడా అంటారు కదా, రేపు?"

"అంటాను."

"బాబుగారూ, మీ దారాలు మీరే విప్పండి. బూడిద కూడా మీరే లాగండి. ట్రే బరువుంటుంది, వంగి ఎత్తాలి."

ఎవరార్డు వంగాడు. లేచేసరికి మళ్లీ నల్లబడ్డాడు. ఈసారి అద్దం చూసుకోలేదు. పుల్లలు జేబెజ్ పేర్చాడు. నిప్పు మాత్రం హెట్టీ పెట్టింది. అది ఇంకొకరికి ఇవ్వలేదు.

ఆదివారం కానిస్టేబుల్ వచ్చి, టీ తాగి, కేకు తిని, వెళ్లిపోయాడు. మిసెస్ డాల్‌స్టన్ చర్చి గుమ్మంలో అందరి ముందూ అనవలసింది అంది. సాయంత్రానికి క్రాక్‌రిగ్ హాలు మూడు వందల ఏళ్లలో ఎన్నడూ లేనంత వెచ్చబడింది. వెన్న కరిగింది. బ్రిగేడియర్ పొయ్యికి దూరంగా జరిగి పడుకుంది.

ఎవరార్డు వంటింట్లోకి వచ్చి, బల్ల దగ్గర కూర్చుని, తన తర్వాతి కేసు గురించి చెప్పడం మొదలెట్టాడు. పొరుగూళ్లో ఒక పాదిరీ గారి చర్చి గంట పోయిందట. ఆ గంట ఎక్కడుందో తన మెదడుకి ఇప్పటికే తెలుసట. చెబుతూ చెబుతూ కాలర్ వదులు చేసుకున్నాడు.

"ఏమిటీ ఉక్క? ఇంత వేడి మనిషిని మెత్తగా చేసేస్తుంది." లేచి, కిటికీ పైకి ఎత్తి, వచ్చి కూర్చుని మళ్లీ గంట సంగతి ఎత్తుకున్నాడు.

చలిగాలి బల్ల మీదుగా వచ్చి హెట్టీ మెడకి తగిలింది. ఆవిడ కుర్చీలోంచి లేవలేదు. మేజోడు అల్లుతూ, తల ఎత్తకుండా అంది.

"ఆ కిటికీ ఎవరు తీశారో నాకు తెలుసు బాబుగారూ. డిటెక్టివ్ అక్కర్లేదు."

గంట కథ మధ్యలో ఆగిపోయింది. ఎవరార్డు లేచి వెళ్లి మూశాడు.